చిత్రగుప్తుని చిట్టా: పాత కంప్యూటర్ క్రీడలపై బెంగ

కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలమున, పంచమాంకారంభములో, దుష్యంతుడు హంసపదిక గానము విని అకారణముగా చింతాక్రాంతుడగును. ఆయనకు తెలిసినంతలో ఇష్టజన వియోగమేదియు లేదు. అయినను మనస్సు దేని కొరకో తపించును. శాపవశమున శకుంతలను మరచిన ఆ రాజునకు తాను దేనిని కోరుచున్నాడో తెలియదు. స్మృతి తొలగినది, సంస్కారము మిగిలినది. కోరిక నిలిచి, కోరిక యొక్క విషయము మరుగుపడుట ఈ స్థితి లక్షణము.

ఇట్టి స్థితి నేడు ఒక విచిత్రమైన స్థలమున విరివిగా కానవచ్చుచున్నది. కంప్యూటర్‌పై ఆడెడి రోల్ ప్లేయింగ్ గేములు, అనగా పాత్రధారణ క్రీడలు, బాల్యయౌవనములలో ఆడి, ఇప్పుడు నలువది ఏబది ఏండ్ల ప్రాయమునకు వచ్చినవారి మాటలలో అది వినబడును. క్రీడాకారుడు ఒక పాత్రను ధరించి, కల్పిత లోకమున సంచరించి, నిర్ణయములు గైకొని, వాటి ఫలములను అనుభవించుట ఈ క్రీడల స్వరూపము. 1974లో కాగితముపై పాచికలతో ఆడుటకు వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వీటికి మాతృక. 1981లో వచ్చిన విజార్డ్రీ, అల్టిమాలు మొదలుకొని 1990 దశకాంతమున వచ్చిన ఫాలౌట్, బాల్డర్స్ గేట్ వరకు గల కాలమును వీరు స్వర్ణయుగముగా భావింతురు. అటుపిమ్మట వచ్చినవి కంటికి ఇంపైనవే గాని ఆత్మ లేనివని వీరి ఆక్షేపణ.

ఈ బెంగ చిన్నది కాదు. పాత క్రీడలను క్రొత్త కంప్యూటర్లపై నడచునట్లు చేసి విక్రయించుటకే 2008లో గుడ్ ఓల్డ్ గేమ్స్ అను అంగడి తెరవబడినది. పాత పద్ధతిలో ఒక క్రీడను నిర్మింతుమని అబ్సిడియన్ సంస్థ 2012లో ప్రకటింపగా, పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ అని తరువాత పేరుపొందిన ఆ క్రీడకు జనులు ముందుగానే దాదాపు 40 లక్షల డాలర్లు సమర్పించిరి. అయినను పాత క్రీడను కొని తెచ్చి, రాత్రి ఇల్లు సద్దుమణిగిన పిమ్మట ప్రారంభించి, అరగంటలో మూసివేయువారే అధికులు. వెదకినది అందులో దొరకదు. వారు వెదకినది ఏమి అనునదే ఇచట విచార్యము.

నాస్టాల్జియా అను మాట 1688లో పుట్టినది. యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, గ్రీకు భాషలో ఇంటికి మరలుట, నొప్పి అను అర్థములు గల రెండు మాటలను జోడించి, స్వదేశమునకు దూరమైనవారికి కలుగు వ్యాధికి ఆ పేరు పెట్టెను. తెలుగున దీనికి ‘బెంగ’ అను చక్కని మాట కలదు. హాస్టలులో చేర్చబడిన పిల్లవాడు ఇంటిపై బెంగ పెట్టుకొనును. ఆ బెంగకు మందు ఇల్లే. కాని కాలముపై పెట్టుకొన్న బెంగకు మందు లేదు. గడచిన కాలమునకు మరలిపోవు బండి లేదు. కనుక ఆ బెంగ ఒక వస్తువును పట్టుకొని, ఇదే నా ఇల్లు అని దానిపై ఆరోపించుకొనును. అట్లు ఆరోపింపబడిన వస్తువులలో పాత క్రీడ ఒకటి.

శాస్త్రదృష్టిలో స్మృతికి గల స్థానము ఇచట స్మరణీయము. పూర్వానుభవము వలన ఏర్పడిన సంస్కారమే కారణముగా కలుగు జ్ఞానము స్మృతి అని తార్కికుల మతము. దానిని వారు ప్రమగా, అనగా యథార్థానుభవముగా గణింపరు. స్మృతి అసత్యమని దీని భావము కాదు. అది ఒకనాటి అనుభవమునకు లోబడినది, స్వతంత్రముగా దేనిని నిరూపింపజాలదని మాత్రమే. ‘పాత క్రీడలు గొప్పవి’ అను వాక్యము స్మృతి పలుకు వాక్యము. ఆ స్మృతికి రాగము తోడైనది. కావున దానిని అట్లే అంగీకరింపరాదు, అట్లే త్రోసివేయనూ రాదు, పరీక్షింపవలెను.

మొదట దోషపక్షమును చూచుట న్యాయము. విజార్డ్రీ ఆడువారు చీకటి సొరంగములలో దారి తప్పకుండుటకు గళ్ల కాగితముపై తామే పటము గీసికొనవలసి వచ్చెడిది. చనిపోయిన సహచరుని బ్రతికించు ప్రయత్నము విఫలమైనచో అతడు బూడిదగా మారెడివాడు. మరల విఫలమైనచో శాశ్వతముగా పోయెడివాడు. ఆ కష్టమును నేడు తపస్సుగా వర్ణించువారు కలరు. అందులో అధికభాగము తపస్సు కాదు, యంత్రముల దారిద్ర్యము. పటము చూపుటకు స్థలము లేక చూపలేదు. మాటలు నింపుటకు తావు లేక నింపలేదు. కరువులో పస్తులుండుటను ఉపవాసమని కీర్తించుట ఎట్టిదో, ఈ కీర్తనయూ అట్టిదే. ఉపవాసమునకు అన్నము ఎదుట ఉండవలెను.

పైగా ఆ క్రీడ ఆడిన పన్నెండేండ్ల బాలునకు సమయము సముద్రమువలె ఉండెడిది. వేసవి సెలవులు, బాధ్యత లేని మధ్యాహ్నములు, ప్రక్కన కూర్చుండి దారి చెప్పు స్నేహితుడు. ‘అతడే ఈ దేవదత్తుడు’ అను ప్రత్యభిజ్ఞను వేదాంతులు విచారించునపుడు, ఆనాటి దేశకాలములను, ఈనాటి దేశకాలములను విడిచి, వ్యక్తిని మాత్రమే గ్రహింపవలెనని చెప్పుదురు. పాత క్రీడను మరల తెరచినవాడు దీనికి విపరీతము చేయుచున్నాడు. అతనికి కావలసినది ఆనాటి దేశకాలములే. క్రీడ అదే, అక్షరము మారలేదు. ఆ మధ్యాహ్నము మాత్రము లేదు. అందుచేత అరగంటలో మూసివేయును.

ఇంతటితో విచారము ముగిసినచో, ఈ బెంగ కేవలము యౌవనముపై మమకారమని తేలును. కాని అట్లు తేల్చుట తొందరపాటు. బెంగలో మమకారము పోగా మిగులు ఒక శేషము కలదు. దానిని చూపుటకు ఒక్క క్రీడ చాలును. అది 1985లో ఆరిజిన్ సంస్థ వెలువరించిన అల్టిమా 4, క్వెస్ట్ ఆఫ్ ది అవతార్. దాని కర్త రిచర్డ్ గారియట్.

అంతకుముందు 1983లో వచ్చిన అల్టిమా 3 విషయమై గారియట్‌నకు ఎన్నో ఉత్తరములు వచ్చినవి. దుష్టుని జయించుటకై బయలుదేరిన వీరులు త్రోవలో అంగళ్లను దోచుచు, గ్రామస్థులను చంపుచు, ఆ క్రీడను పూర్తిచేయుచుండిరని ఆయన గ్రహించెను. లోకరక్షకుడని పేరు, చేయునది దొంగతనము. ఆ ఆలోచన నుండి దుష్టనాయకుడే లేని క్రీడ పుట్టినది. అందులో చంపవలసిన రాక్షసాధిపతి లేడు. క్రీడాకారుడు 8 గుణములను సాధించి ‘అవతార్’ కావలెను. ఆ పదమును హైందవ సంప్రదాయము నుండి గ్రహించినట్లు గారియట్ స్వయముగా చెప్పినాడు.

పండితులు ఇచట ఒక ఆక్షేపణ చేయుదురు, అది న్యాయమైనదే. అవతారమనగా దిగివచ్చుట. పరమాత్మ లోకానుగ్రహార్థము అవరోహించుట అవతారము. మానవుడు సాధనచేత పైకి పోవుట ఆరోహణము. అల్టిమాలోని అవతార్ వాస్తవమునకు సాధకుడు. పదము తలక్రిందులైనది. అయినను భావము తప్పిపోలేదు. సత్యము, ప్రేమ, ధైర్యము అను 3 మూలతత్త్వముల కలయికచేత సత్యసంధత, కారుణ్యము, శౌర్యము, న్యాయము, త్యాగము, మాటనిలుకడ, ఆధ్యాత్మికత అను 7 గుణములు అందులో ఏర్పడును. ఎనిమిదవదైన వినయము ఆ మూడింటిలో దేని నుండియు పుట్టదు. గర్వము లేకపోవుటయే దాని ఉనికి. గౌతమ ధర్మసూత్రము దయ, క్షాంతి, అనసూయ, శౌచము, అనాయాసము, మంగళము, అకార్పణ్యము, అస్పృహ అను 8 ఆత్మగుణములను పేర్కొనును. 40 సంస్కారములు జరిగినను ఈ గుణములు లేనివానికి బ్రహ్మసాయుజ్యము లేదని ఆ సూత్రకారుని నిర్ణయము. రెండు పట్టికలు ఒకటి కావు. కాని కర్మకాండకంటె గుణమునకే ప్రాధాన్యమను దృష్టి ఒకటే.

క్రీడ ఆరంభమే ధర్మసంకటములతో. ఎరుకలసాని వంటి ఒక జిప్సీ స్త్రీ ఎదుట కూర్చుండి 7 ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. ఒక ప్రశ్న ఇట్టిది: లెక్కింపని బంగారు నాణెముల సంచి ఒకటి చేరవేయుమని అప్పగింపబడినది, దారిలో బిచ్చగాడు ఎదురైనాడు. ఒక్క నాణెము ఇచ్చినచో ఎవ్వరికిని తెలియదు. నమ్మకము నిలుపుటయా, కరుణ చూపుటయా? ఇందు ధర్మమునకు అధర్మముతో పోరు లేదు. ధర్మమునకు ధర్మముతోనే పోరు. ఏది ఎంచుకొన్నను తప్పు కాదు. ఎంచుకొన్నదానిని బట్టి ఆ మనుష్యుని స్వభావము నిర్ణయమగును. మహాభారతమును ఎరిగిన పాఠకునకు ఈ సంకటము క్రొత్తది కాదు.

అసలు విశేషము అటుపిమ్మట ఉన్నది. మంత్రమునకు కావలసిన మూలికలను అమ్ము వర్తకురాలు అంధురాలు. ఎన్ని నాణెములు ఇచ్చినది క్రీడాకారుడే స్వయముగా లెక్కించి ఉంచవలెను. తక్కువ ఉంచినచో ఆమె అరవదు, కావలివారు రారు, మూలికలు చేతికి వచ్చును. క్రీడ ముందుకు సాగును. కాని లోలోపల ఎక్కడనో ఒక అంకె తగ్గును. బిచ్చగానికి నాణెము ఇచ్చినప్పుడు ఒక అంకె పెరుగును. దుష్టమృగము ఎదుట వెన్ను చూపి పారిపోయినప్పుడు ఒకటి తగ్గును. వైద్యశాలలో రక్తదానమునకు అంగీకరించినప్పుడు ఒకటి పెరుగును. ఈ అంకెలు తెరపై ఎచటను కానరావు. రాజప్రాసాదమున హాక్‌విండ్ అను ద్రష్ట ఒకడు కలడు. అడిగినచో ఏ గుణమున ఎంత దూరము వచ్చితివో మాటలలో సూచించును, అంకె చెప్పడు. గురువు శిష్యునితో పలుకు తీరు అది.

దీని ప్రభావము ఆడినవారికే తెలియును. అంగడిలో తక్కువ నాణెములు ఉంచి, లోకము తనను శిక్షింపలేదని సంతసించి, బహుదినములు తిరిగిన పిమ్మట, సత్యసంధత కొరకు ధ్యానము చేయబోగా ఆ పీఠము అంగీకరింపదు. అప్పుడు బాలుడు ఆలోచించును. ఎక్కడ చేసితిని? ఎప్పుడు? ఆ అంధవర్తకురాలు జ్ఞప్తికి వచ్చును. పన్నెండేండ్ల పిల్లవాడు ఏ పెద్దయు మందలింపకయే సిగ్గుపడెను. పాత క్రీడపై బెంగలో మిగులు శేషము ఇదియే. తాను చేసినది ఎక్కడనో లిఖింపబడుచున్నదను భావమును, ఆ లిఖితమును తాను చూడజాలనను భావమును ఆ క్రీడ ఇచ్చెను.

మీమాంసకులు ఈ సమస్యను ఎన్నడో ఎదుర్కొనిరి. యాగము చేసిన క్షణముననే ఆ క్రియ నశించును. ఫలము కాలాంతరమున వచ్చునని శాస్త్రము. నశించిన క్రియ రాబోవు ఫలమును ఎట్లు ఇచ్చును? ఈ రెండింటి నడుమ సేతువుగా వారు ‘అపూర్వము’ను అంగీకరించిరి. అది క్రియచేత పుట్టి, కంటికి కానరాక, ఫలోదయము వరకు నిలుచు శక్తి. దీనినే అదృష్టమనియు వ్యవహరింతురు. వాడుకలో అదృష్టమనగా కలిసివచ్చుట. శాస్త్రములో దృష్టము కానిది, చూడబడనిది. సామాన్యజనుల ఊహలో ఈ తత్త్వము చిత్రగుప్తుడైనది. ఆయన చిట్టా వ్రాయుచునే యుండును. జీవుడు దానిని తెరచి చూడలేడు. పేరులోనే ‘గుప్త’ పదము కలదు.

తెలుగు ఇండ్లలో సంక్రాంతికి, శివరాత్రి జాగరణకు ఆడెడి వైకుంఠపాళిని దీని ప్రక్కన ఉంచి చూచినచో విషయము మరింత స్పష్టమగును. ఆ పటములో సద్గుణము నిచ్చెన, దుర్గుణము పాము. పాము మ్రింగిన కాయ క్రిందికి జారును, నిచ్చెన ఎక్కిన కాయ పరమపదము వైపు పోవును. ఫలము బాహాటముగా చిత్రింపబడియున్నది. కాని ఎంపిక లేదు. గవ్వలు పడినట్లు పోవలసినదే. అది ప్రారబ్ధమును నేర్పు క్రీడ. అల్టిమా 4లో ఎంపిక కలదు, ఫలము గుప్తము. అది కర్తృత్వమును నేర్పు క్రీడ. నవీన క్రీడలలో బహుభాగము మూడవ మార్గము పట్టినవి. వాటిలో ఎంపికయు కలదు, ఫలమును బాహాటము.

2003లో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌లో పాత్ర యొక్క మంచిచెడ్డలు ఒక కొలబద్దపై వెలుగు వైపు, చీకటి వైపు జరుగుచు కనబడును. 2007లో వచ్చిన మాస్ ఎఫెక్ట్‌లో సౌజన్యమునకు నీలిరంగు పట్టీ, కాఠిన్యమునకు ఎర్రరంగు పట్టీ. పట్టీ నిండినకొలది క్రొత్త సంభాషణలు లభించును. అందుచేత క్రీడాకారుడు ప్రతి సందర్భమున ‘ఇచట ఏది ధర్మము’ అని యోచింపక, ‘నేను నీలిపక్షము వాడను గదా’ అని నీలి సమాధానమునే ఎంచుకొనును. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు వచ్చిన అచీవ్‌మెంట్ల పద్ధతిలో, చేసిన పనికి వెంటనే గంట మ్రోగి, బిరుదు తెరపై వ్రాలును. త్రోవ విషయమునను ఇదే మార్పు. 2002 నాటి మోరోవిండ్‌లో ఒకడు మాటలతో దారి చెప్పును: ఈ వంతెన దాటి, ఆ బండ వద్ద ఎడమకు తిరుగుమని. విన్నవాడు లోకమును చూచుచు పోవలెను. అదే సంస్థ 2006లో వెలువరించిన అబ్లివియన్‌లో తెర అడుగున ఒక బాణపు గుర్తు వెలసినది. నాటి నుండి చాలమంది కొండలను చూచుట మాని, గుర్తును చూచుచున్నారు.

ఇచట మారినది సౌకర్యము మాత్రమే కాదు. క్రియ యొక్క జాతియే మారినది. ఫలము కొరకు చేయు కర్మను శాస్త్రము కామ్యమనును. అది నింద్యము కాదు, దానికిని తావు కలదు. కాని దయకు ఎదుట ఒక అంకెను నిలిపినచో, ఆ దయ ఆ అంకెను కొనుటకు చెల్లించిన మూల్యమగును. కర్మయందే అధికారము గాని ఫలమునందు లేదని గీతాచార్యుడు ఉపదేశించినది ఈ ఆకర్షణ ఎంత బలమైనదో ఎరిగియే. ఫలము కంటి ఎదుట వ్రేలాడుచుండగా ఫలాపేక్ష విడువుమని ఎవనికి చెప్పినను అతనికి కష్టసాధ్యము.

ఇంతవరకు వచ్చినది పాత క్రీడల భక్తులకు అనుకూలము. ప్రతిపక్షమును వినక నిర్ణయించుట పాడి కాదు. మొదటి ఆక్షేపణ ఇది: గుప్తమైన చిట్టా ఎంతకాలము గుప్తము? దాని సూత్రము తెలిసినవారు బిచ్చగానికి పది నాణెములు ఒక్కమారుగా ఇయ్యక, ఒక్కొక్క నాణెము చొప్పున పదిమారులు ఇచ్చి, కారుణ్యమును వేగముగా పెంచుకొనిరి. అది కరుణయా, వర్తకమా? మానవుడు వ్రాసిన చిట్టాను మానవుడు భేదింపగలడు. ఈశ్వరుడు కర్మఫలదాత యనుటకును, ఒక ప్రోగ్రామర్ ఫలదాత యనుటకును నడుమ గల దూరము ఇదే. ఈశ్వరుడు భావమును ఎరుగును. యంత్రము నాణెములను మాత్రమే లెక్కించును.

ఈ దోషమును మొదట గ్రహించినవాడు గారియటే అని తోచును. 1988లో వచ్చిన అల్టిమా 5లో బ్లాక్‌థార్న్ అను పాలకుడు అవే 8 గుణములను శాసనములుగా ప్రకటించి, పాటింపనివారిని క్రూరముగా దండించును. గుణము శాసనమైన దినముననే అది గుణము కాకపోయినది. 1990లో వచ్చిన అల్టిమా 6లో రాక్షసులని తలచి చంపబడిన గార్గాయిల్ జాతికిని తమవైన తత్త్వములు, తమవైన ధర్మము కలవని, వారి దృష్టిలో ఈ అవతార్ ఒక కపట ప్రవక్త యని తెలియవచ్చును. చిట్టా వ్రాసినవాడే తన చిట్టా పరిపూర్ణము కాదని ఒప్పుకొన్నట్లయినది. పాత క్రీడల గొప్పతనము నిర్దోషత్వమున లేదు. తన్ను తాను ప్రశ్నించుకొనుటలో ఉన్నది.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది: నవీనములన్నియు దృష్టఫలములేనా? కావు. 2015లో వచ్చిన అండర్‌టేల్‌ను టోబీ ఫాక్స్ దాదాపు ఒంటరిగా నిర్మించెను. అందులో, ఆరంభమున తల్లివలె ఆదరించిన టోరియెల్‌ను చంపి, పశ్చాత్తాపముతో పాత స్థానము నుండి మరల ఆడి, ఆమెను బ్రతికించినవారు కలరు. సాధారణముగా పునరారంభము సర్వపాపహరము. కాని ఇచట ఫ్లవీ అను పాత్ర ఎదురై, నీవు చేసినది నేనెరుగుదునని ఎత్తిపొడుచును. కర్మ చెరిగిపోలేదు. క్రీడాకారుడు ఉలికిపడును. అంధవర్తకురాలి ఎదుట బాలునకు కలిగిన సిగ్గుకు ఇది ముప్పది ఏండ్ల తరువాతి సోదరి.

1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో నాయకునకు పేరు లేదు, మృత్యువు లేదు, స్మృతి లేదు. తన పూర్వరూపములు చేసిన ద్రోహములకు బలియైనవారు దారిపొడుగున ఎదురగుదురు. తనకు జ్ఞప్తి లేదు గాని ఋణము కలదు. తుదకు అతడు తన మర్త్యత్వమును తిరిగి స్వీకరించి, రావలసిన ఫలమును అనుభవించుటకు పోవును. ఇరువది ఏండ్ల పిమ్మట, 2019లో వచ్చిన డిస్కో ఎలీజియమ్‌లోను నాయకుడు స్మృతి కోల్పోయి మేల్కొని, తాను పాడుచేసికొన్న జీవితమును ఇతరుల నోట వినుచు తెలిసికొనును. ఒకటి పాతది, ఒకటి క్రొత్తది, వంశము ఒకటే. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3 పాచికలను తెరపై దొర్లించి చూపును, సహచరుని మెప్పును మూలన ప్రకటించును. అయినను అందులో కొన్ని నిర్ణయముల ఫలము బహుదూరము పోయిన పిమ్మట గాని తెలియదు. కనుక గీత గీయవలసినది పాతక్రొత్తల నడుమ కాదు. దృష్టఫలమునకు, అదృష్టఫలమునకు నడుమ.

బాణపు గుర్తు విషయమునను కొంత ఉదారత అవసరము. దినమంతయు పనిచేసి, పిల్లలు నిద్రించిన పిమ్మట గంటసేపు ఆడువానికి ఆ గుర్తు ఉపకారమే. వానికి దారి తప్పుటకు తీరిక లేదు. పన్నెండేండ్ల ప్రాయమున దారి తప్పుట వినోదము. నలువదియైదేండ్ల ప్రాయమున దారి తప్పుట నిద్రాభంగము. నిందింపవలసినది గుర్తును కాదు, దయకును త్యాగమునకును ఆ గుర్తునే తగిలించుటను.

ఇది క్రీడలకు మాత్రమే పరిమితమైన మాట కాదు. నడిచిన అడుగులను గడియారము లెక్కించుచున్నది. పలికిన మాటకు లైకులు లెక్కింపబడుచున్నవి. బడిలో పిల్లవాడు తోటివానికి పెన్సిల్ ఇచ్చినచో నోటుపుస్తకమున నక్షత్రము అంటింపబడుచున్నది. దేవాలయమున ట్యూబులైటుపై దాత పేరు ఎంత పెద్దగా వ్రాయబడునో, వెలుతురు అంత తగ్గును. ఆ హాస్యము పాతదే. గుప్తదానము గొప్పదని పెద్దలు చెప్పినది దాత పేరు దాచుటకు మాత్రమే కాదు. దాత తన దానమును తానే లెక్కించుకొను అలవాటు మానుటకు. కాలపు గాలి దానికి ఎదురుగా వీచుచున్నది. ఇట్టి లోకమున పెరుగు బాలునకు, ఎవ్వరును చూడనిచోట తానెట్లుండునో తెలిసికొను అవకాశము తగ్గిపోవుచున్నది. అంధవర్తకురాలి అంగడి వంటి స్థలము ఒక్కటైనను ప్రతి బాల్యమున ఉండవలెను. ఒక తరమునకు అది యాదృచ్ఛికముగా ఒక కంప్యూటర్ క్రీడలో లభించినది.

కావున బెంగపడువారు తమ బెంగను అవమానించుకొనవలసిన పని లేదు. దాని విషయమును గుర్తించిన చాలును. దుష్యంతునకు ఉంగరము దొరికినప్పుడు పాట మరల వినవలసిన అవసరము లేకపోయినది. వారు వెదకుచున్నది పాత తెర కాదు, పచ్చని అక్షరములు కాదు, సెలవుల మధ్యాహ్నము కూడ కాదు. గుప్తమైన చిట్టా ఎదుట స్వతంత్రముగా నిలిచిన తమ్ము తాము. దానిని మరల పొందుటకు 1985 నాటి యంత్రము అక్కరలేదు. నేటి అనేక క్రీడలలో సూచికలను, గుర్తులను ఆపివేయు వీలు కలదు; ఆపి ఆడవచ్చును. బిడ్డతో కలసి ఆడు తండ్రి, ‘దీనికి ఎన్ని పాయింట్లు వచ్చును’ అని బిడ్డ అడిగినప్పుడు సమాధానము చెప్పక, ‘నీకేది మంచిదని తోచుచున్నది’ అని అడుగవచ్చును. ఆ ఒక్క ప్రశ్న ఏ క్రీడనైనను అల్టిమా 4గా మార్చును. గౌతముడు చెప్పిన ఆత్మగుణములలో చివరిదైన అస్పృహ కూడ ఇచటనే అవసరమగును: పోయినదానిని పట్టుకొని వ్రేలాడకుండుట.

ఆ పాత క్రీడ ముగింపు ఈ సందర్భమున గమనార్హము. 8 గుణములను సాధించి, పాతాళమువంటి అగాధమున దిగి, జ్ఞానగ్రంథమును దర్శించిన క్రీడాకారునకు సింహాసనము లభింపదు, నిధి లభింపదు. అన్వేషణ ఇంతటితో ముగియదని చెప్పి, క్రీడ అతనిని తన సొంత లోకమునకు, బయలుదేరిన చోటికే, పంపివేయును. నేర్చినదానిని అచట ఆచరింపుమని దాని భావము. నాస్టాల్జియా అను పదమునకు మూలార్థమైన ఇంటికి మరలుట అనునది ఆ క్రీడలోనే, దాని చిట్టచివరనే ఉన్నది. నలువది ఏండ్ల పిమ్మట ఆ క్రీడకు మరలిపోవలెనని తపించువారు ఒక్క విషయము మరచినారు. అది వారిని అప్పుడే ఇంటికి పంపినది.

స్వస్తి.